గీత మీద పడితే ఇన్నే, అన్నయ్యగారూ

పక్కింటి అన్నయ్యగారికి,

మీ పేరు రాయడం లేదు. ఒంటారియోలోని ఈ రిచ్‌మండ్ హిల్‌లో మన వీధివాళ్ళకి ఎలాగూ తెలుసు. మిగతా ఊళ్ళవాళ్ళకి అక్కర్లేదు, వాళ్ళ పక్కనా మీలాంటివారొకరు ఉండే ఉంటారు.

శనివారం కమ్యూనిటీ సెంటర్ జిమ్‌లో నేను కొట్టిన కాక్ మీ వెనకగీత మీద పడితే "అవుట్" అంటారు. ఆదివారం పెరట్లో కొత్త ఫెన్సు కోసం మీరు కట్టిన తాడు జానెడు నా వైపుకి వస్తుంది. కోర్టులో ముడుచుకునే మీ హద్దు పెరట్లో సాగుతోంది. ఈ రెండింటిలో మీకు నమ్మకమున్నదేదో చెప్పండి, రెండుచోట్లా దాన్నే పాటిద్దాం.

ముందు ఆట సంగతి. బ్యాడ్మింటన్ నియమాల్లో మొదటిదే ఇది: గీత వెడల్పు 40 మిల్లీమీటర్లు, ఏ గీతైనా తాను చుట్టిన స్థలంలో భాగమే. కాక్ అడుగున ఉండే బెండు 25 నుంచి 28 మిల్లీమీటర్లు. అంటే బెండు మొత్తం గీత మీదే దిగడానికి చోటుంది. అంచు తగిలినా ఇన్నే. ఈకలు ఎటు వాలాయన్నది లెక్కలోకి రాదు, మీరు చూసేది మాత్రం ఈకల్నే. డబుల్స్‌లో సర్వీసుకు వెనకగీత ఒకటి, ర్యాలీకి దానికి 76 సెంటీమీటర్ల అవతల ఇంకొకటి. మీకు పాయింటు కావలసినప్పుడల్లా ఈ రెండూ చోట్లు మార్చుకుంటున్నాయి. టీవీలో సింధు చెయ్యెత్తి రివ్యూ అడిగితే కెమెరా తేలుస్తుంది. రెండు రివ్యూలు తప్పని తేలితే ఆ మ్యాచిలో ఇక అడిగే వీలుండదు. మన జిమ్‌లో కెమెరా లేదు, అంపైరూ లేడు. ఎవరి వైపు పడితే వాళ్ళ మాటే తీర్పు. ఆ మర్యాద మీదే ఆట నడుస్తోంది, దాన్నే మీరు వాడుకుంటున్నారు.

నేల మీద బాస్కెట్‌బాల్, వాలీబాల్ గీతలు కలగాపులగమై మన గీత కనిపించలేదన్నారు. సరే. ఇప్పుడు పికిల్‌బాల్ కూడా వచ్చింది, దాని కోర్టు కొలతలూ మన డబుల్స్ కోర్టువే: 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. కాబట్టి ఆ సాకుకి ఇంకో రంగు దొరికింది, అభినందనలు.

ఇక పెరడు. ఇక్కడ అసలు చిక్కు వేరు. స్థలం హద్దుకు వెడల్పే లేదు, అది లెక్కలో ఉన్న గీత. ఫెన్సు గుంజకు మాత్రం మూడున్నర అంగుళాల మందం ఉంది. ఆ మందం ఎవరి నేలలో నిలబడాలన్నదే తగాదా అంతా. మీరు చూపించే సాక్ష్యం పాత ఫెన్సు. ఆ పాత ఫెన్సు ఎవరు, ఏ కొలత చూసి వేశారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. సాక్ష్యమంటే సర్వేయరు మూలలో పాతిన ఇనుపకడ్డీ. టమాటా మొక్కలకు తవ్వుతుంటే తగిలిందని, అడ్డంగా ఉంది పీకేద్దామన్నారే, అదే. సర్వేయరు పెట్టిన గుర్తును కావాలని కదిపితే కెనడా క్రిమినల్ కోడ్ 443వ సెక్షన్ కింద అయిదేళ్ళ దాకా జైలు పడొచ్చు. టమాటాలు కాస్త పక్కన వేసుకోండి.

పన్నెండేళ్ళు అనుభవంలో ఉంటే మనదే అని కూడా అన్నారు. అది ఇండియా మాట. ఒంటారియోలో ల్యాండ్ టైటిల్స్ కింద రిజిస్టరైన స్థలాన్ని, ఆ తర్వాత ఎన్నేళ్ళు అనుభవించినా సొంతం చేసుకోలేరు. హద్దు మీదున్న మేపుల్ చెట్టు సంగతీ అంతే. మొదలు గీత మీద ఉంటే చెట్టు ఇద్దరిదీ అని ఇక్కడి అటవీ చట్టం. నా ఒప్పుదల లేకుండా కొడితే నేరం. ఆకులు ఊడ్చేది నేను, నరికేది మీరు అన్న పంపకం ఏ చట్టంలోనూ లేదు.

ఈ అలవాటు ఎక్కడిదో తెలియక కాదు. మన ఊళ్ళలో ఏటా దుక్కిలో గట్టును వేలెడు చొప్పున చెక్కుకుపోయేవాళ్ళని మీరూ చూశారు, నేనూ చూశాను. హద్దురాళ్ళు కాపాడే బాధ్యత పట్టాదారుదేనని 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం చెప్పినా, రాళ్ళు రాత్రికి రాత్రి నడిచేవి. తమాషా ఏమిటంటే, మన సెంట్లు ఏ గొలుసు లెక్కలోంచి వచ్చాయో ఈ ఊరి దారి యంగ్ స్ట్రీటూ ఆ గొలుసు లెక్కలోదే: 66 అడుగులు, 100 లింకులు. వెయ్యి చదరపు లింకులు సెంటు. 1794లో సర్వేయరు అగస్టస్ జోన్స్ యంగ్ స్ట్రీట్‌కు కొలతలు వేసిన నాటి గొలుసు ఇదే. పదమూడు వేల కిలోమీటర్లు దాటొచ్చినా ఆ గొలుసు మనల్ని వదల్లేదు, చెక్కే అలవాటూ వదల్లేదు.

కంచె చూసి ఖర్చు పంచే ఫెన్స్ వ్యూయర్లు ఒంటారియో ఊళ్ళలో కొన్నిచోట్ల ఉన్నారు గాని, గీత ఎక్కడన్నది తేల్చే అధికారం వాళ్ళకు లేదు. అది సర్వేయరు పని. పిలుద్దాం, ఫీజులో సగం నాది. కడ్డీలు ఎక్కడ చూపిస్తే అక్కడే తాడు కట్టుకుందాం, నా వైపు నుంచి నాలుగంగుళాలు పోయినా మాట్లాడను. నేల గడ్డకట్టకముందే చెప్పండి. డిసెంబరు దాటితే ఇక్కడ గుంజ దిగదు.