శీలావతీ గానవిలాసము (సటీకాతాత్పర్యం)

అవతారిక

కోలాచల మల్లినాథసూరి మన మెదకు సీమవాడు. కాళిదాసుకి వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టేసుకున్న మహానుభావుడు. ఈ వ్యాఖ్యాతకి అంత నిష్ఠ లేదు. మూలమే పది మాటలు దాటదు. అక్కర్లేనివి చెప్పకపోతే పేజీ నిండదు.

మూలం దొరికిన చోటు విశాఖలో తెన్నేటి పార్కు కింది రాళ్లు. 2020 అక్టోబరు వాయుగుండానికి బంగ్లాదేశ్ ఓడ ‘ఎం.వి. మా’ కొట్టుకొచ్చి ఇరుక్కుంది చూశారూ, ఆ దరిదాపులే. సాయంత్రం నడకకి వెళ్లి, మోకాలు పట్టేసి, ఓ రాయి మీద చతికిలబడ్డాను. నాలుగు బారల దూరంలో ముగ్గురు కుర్రాళ్లు. మధ్యలో మరచెంబంత స్పీకరు. వాళ్ల మీంచి గాలి నా వైపు తిరిగింది. తోటమాలి ఎండాకుల కుప్పకి నిప్పు పెట్టి మరిచిపోయినట్టు వాసన. ముప్ఫై ఏళ్లు రోలింగ్ మిల్లు మోతలో పనిచేసి చెవులు కొంత పోగొట్టుకున్నాను కానీ ముక్కు ఇంకా భేషుగ్గా ఉంది. అప్పుడు ఆ ముగ్గురిలో నడిమివాడు, ఎర్ర చొక్కావాడు, ఇలా పలికాడు.

మూలం

“మావా, ఆ పాట మళ్లీ ఎయ్‌రా. ఇందాకట్నుంచి మొదలవ్వట్లేదేటి?”

ఛందస్సు అడక్కండి, ఏ గణమూ పడదు. శ్రీశ్రీ పుట్టిన ఊళ్లో ఆ లెక్క అడిగేవాళ్లు ఎప్పుడో తగ్గిపోయారు.

ప్రతిపదార్థం

మావా: సంబోధన ప్రథమ. ఇక్కడ మేనమామా లేడు, పిల్లనిచ్చిన మామా లేడు. గాజువాక నుంచి మధురవాడ దాకా ఈడువాళ్లంతా ఒకరికొకరు మావలే. అల్లుళ్లెవరో ఇంతవరకు తేలలేదు.

ఆ పాట: ఏ పాట? వ్యాఖ్యాతలు కొట్టుకునేది ఇక్కడే. గంజాయి గోష్ఠిలో ఏ పాట వినాలన్న విషయం మీద విశాఖలో మూడు మతాలున్నాయి.

మొదటిది విదేశీ మతం. వీరికి పింక్ ఫ్లాయిడ్ వేదం. 1971లో వాళ్లు చేసిన ‘ఎకోస్’ అనే పాట 23 నిమిషాలు దాటుతుంది, రికార్డుకి ఒక వైపంతా అదే. ఏ నిమిషంలో ఉన్నామో తెలియనివాడికి పాట ఎంత పొడుగైతే అంత నిశ్చింత.

రెండోది మార్లే మతం. జగదాంబ జంక్షన్ దగ్గర బనియన్ల మీద కనిపించే జడల బాబ్ మార్లే వీరి కులదైవం. ఆయన 1981లో పోయాడు, బనియను పోలేదు. వీరు గంజాయి జమైకా నుంచి వచ్చిన నాగరికత అనుకుంటారు. నిజానికి 1845లో మన దేశం నుంచి మొదటి కూలీల ఓడ జమైకా చేరింది, ‘గాంజా’ అన్న మాట చెరుకుతోటల కూలీలతోనే అక్కడికి వెళ్లింది. చాకిరీ చేసి ఒళ్లు హూనమైనవాళ్లు మూటలో కట్టుకుపోయిన మాట అది. నూట పాతికేళ్ల తర్వాత గిటారు వాయించుకుంటూ తిరిగొస్తే మన కుర్రాళ్లకి ఫారిన్ సరుకులా కనిపించింది.

మూడోది ఇళయరాజా మతం. ఎర్ర చొక్కావాడిది ఇదే. నాకెలా తెలుసంటారా? ఆ స్పీకర్లోంచి అంతకుముందు రెండుసార్లు వచ్చిన వయొలిన్ నాకు కంఠోపాఠం. ‘హౌ టు నేమ్ ఇట్’, 1986. వయొలిన్ వి.ఎస్. నరసింహన్‌ది. త్యాగరాజుకీ బాఖ్‌కీ అంకితమిచ్చిన ఆల్బం. అందులో ఒక రచనకి ‘బాఖ్‌ని మా ఇంట్లో కలిశాను’ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు ఇళయరాజా. మా ఇంట్లో అయితే మా ఆవిడ కాఫీ ఇచ్చి, ఏ ఊరండీ మీది అని అడిగేది. సరే, ఆ ఆల్బంలో పాట అనదగ్గదేదీ లేదు, అంతా వాయిద్యమే. అయినా ‘పాట’ అన్నాడంటే అది లక్షణార్థం. దేనికి ఏం పేరు పెట్టాలో తెలియకే కదా ఆల్బానికి ఆ పేరు! రెండేళ్లకి హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో ‘నథింగ్ బట్ విండ్’ వచ్చింది. అంటే ఉత్త గాలేనని. రాళ్ల మీది పొగకి ఇంతకన్నా మంచి టీక నేను రాయలేను.

మళ్లీ: ఈ పదానికి జాగ్రత్తగా అర్థం చెప్పాలి. మూలానికి ఇదే గుండెకాయ. 2018లో లండన్ పరిశోధకులు పదహారుగురికి గంజాయి ఆవిరి పట్టించి, సంగీతం వినిపించి, మెదడు బొమ్మలు తీశారు. మామూలు మత్తు సరుకు పీల్చినప్పుడు వాళ్లకి పాట వినాలన్న కోరిక పెరిగింది. శబ్దాలు బాగా తెలుస్తున్నాయనీ చెప్పారు. బొమ్మల్లో చూస్తే, పాటకి చెవి తాలూకు భాగమూ, సంతోషం పుట్టించే భాగమూ మామూలుకన్నా తక్కువ కదిలాయి. సరుకులో సీబీడీ అనే ఇంకో పదార్థం కూడా కలిసుంటే ఆ తరుగు కనబడలేదట. ఇక ‘మళ్లీ’ ఎందుకన్నాడో వేరే చెప్పాలా? ఆకలి పెరిగింది, రుచి తగ్గింది. విస్తట్లో అన్నం ఉండగానే వడ్డించమంటున్నాడు.

ఎయ్‌రా: ‘వేయు’ ధాతువు. ఉత్తరాంధ్రలో మొదటి వకారం నోట్లోనే ఉండిపోతుంది. పాటని పాడతాం, పెడతాం, వేస్తాం. దమ్ము మాత్రం కొడతాం. పాటకీ పోపుకీ ఒకే క్రియ చాలునన్నది మన భాష ఔదార్యం.

ఇందాకట్నుంచి: ఇక్కడ స్థలపురాణం కొంత చెప్పాలి. పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల వైపు మన్యంలో పండే గంజాయిలో పేరుమోసిన రకం శీలావతి. ఆ పేరు ఎవరు పెట్టారోగాని పురాణం చదివినవాడే పెట్టి ఉంటాడు. మొగుడి ప్రాణం కోసం సూర్యుణ్ణి ఉదయించొద్దని ఆపేసిన పతివ్రత కథ మీకు తెలుసు. మనం సుమతి అంటాం, కొన్ని పురాణాల్లో ఆవిడే శీలావతి. పొద్దు పొడవదు, గంట గడవదు. ఆకు చేసే పని కూడా అదే. ఐదు నిమిషాలు అరగంటలా సాగుతాయి. తాళానికీ తాళానికీ మధ్య ఆవలించేంత జాగా దొరుకుతుంది. ఆ జాగాలో నిలబడి చూసినవాడికి మృదంగం మీద ప్రతి దెబ్బా విడివిడిగా ఓ సంఘటనలా తోస్తుంది. ఆ రుచి అబద్ధమని నేననను. కానీ ఆ దెబ్బలన్నీ వాయించినవాడు వేసినవే, ఆకు కొత్తగా ఒక్కటీ కలపలేదు.

ఇంకో ముచ్చట. మన మెదడు గంజాయిలాంటి పదార్థాన్ని కొద్దికొద్దిగా తానే తయారు చేసుకుంటుంది. 1992లో జెరూసలేంలో దాన్ని కనిపెట్టినవాళ్లు సంస్కృతంలోంచి మాట అరువు తెచ్చుకుని ‘ఆనందమైడ్’ అని పేరు పెట్టారు. ఆనందం ఇంట్లోనే కాస్తోందన్నమాట. మనవాడు మాత్రం పొట్లం కొనుక్కొచ్చాడు.

మొదలవ్వట్లేదేటి: ‘ఏటి’ అంటే ఏమిటి. ఇక్కడ ప్రశ్న కాదు, ఫిర్యాదు.

పాఠాంతరం

ఎడమవైపు కూర్చున్న బక్కపలచవాడు దీనికి “అది యాడ్‌రా బాబూ” అని జవాబిచ్చాడు. కొన్ని ప్రతుల్లో ఈ వాక్యం లేదు గాని నేను చెవులారా విన్నాను. స్పీకర్లో అప్పుడు వస్తున్నది సిమెంటు ప్రకటన. ఎర్ర చొక్కావాడు దానికి కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు. మూడోవాడికి కన్నీళ్లు కూడా వచ్చాయి, పొగకో సిమెంటుకో చెప్పలేను. అలంకారం భ్రాంతిమంతం. రసం అద్భుతం. తెల్లారి డ్యూటీ ఉన్నవాడికైతే భయానకం.

శంక, సమాధానం

ఎంతైనా గంజాయి కళాకారుడి తోడు కదా అని పూర్వపక్షం. హోవర్డ్ బెకర్ అనే అమెరికా ఆయన క్లబ్బుల్లో పియానో వాయించుకుంటూ సమాజశాస్త్రం చదివాడు. గంజాయి తాగడం మీద 1953లో ఓ వ్యాసం రాశాడు. మొదటిసారి తాగినవాడికి తరచుగా ఏమీ తెలియదట. ఎలా పీల్చాలో, ఏది మత్తో, అది ఎందుకు బాగుందో పక్కవాళ్లు నేర్పాలట. అంటే ఇదీ గురుముఖతః నేర్చే విద్యే. అంత ఓపికా, అన్ని సాయంత్రాలూ పెట్టి వినికిడే నేర్చుకుంటే రాగాలు గుర్తుపట్టేంత పట్టుబడుతుంది. పోనీ వాయించేవాళ్లు తాగరా అంటే, ఎవరు తాగారో ఎవరు మానారో నా దగ్గర జాబితా లేదు. వినేవాడు తాగితే పాట మారదన్నంతవరకే నా పూచీ.

విశేషం

అనకాపల్లిలో పెరిగిన సీతారామశాస్త్రి పాటలు రాసిన ‘సిరివెన్నెల’ సినిమా వచ్చింది కూడా 1986లోనే. అందులోనూ వేణువు చౌరాసియాదే. ఆ అనకాపల్లి పక్కనే కోడూరు దగ్గర 2022 ఫిబ్రవరిలో పోలీసులు రెండు లక్షల కిలోల గంజాయి కుప్ప పోసి తగలబెట్టారు. అప్పటికి అదంతా విశాఖ జిల్లాయే. అంతకు ముందు నెలల్లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో మన్యంలో వేల ఎకరాల్లో మొక్క పీకించారు. అంత పొగ లేచిన రోజున మాత్రం ఎవరూ స్పీకరు తెచ్చుకోలేదు. తులసివనంలో గంజాయి మొక్క అన్న సామెత కూడా మన్యంలో వేరేగా చదువుకోవాలి. కాఫీ, మిరియాలు పండే కొండల్లోనే అదీ మొలిచింది.

చట్టం కూడా ప్రతిపదార్థం బాగానే రాస్తుంది. 1985 నాటి మత్తుమందుల చట్టంలో గంజాయి అంటే పూత, కాయ పట్టిన కొసలు మాత్రమే. కొస లేకుండా విడిగా ఆకూ గింజా ఉంటే అవి గంజాయి కావు. ఇలాంటి సూక్ష్మాలు మల్లినాథుడికి నచ్చేవి. కొండ దిగి మోసుకొచ్చేవాడికి మాత్రం ఇందులో ఒక్క అంకె చాలు. 20 కిలోలు దాటి పట్టుబడితే పదేళ్లకి తక్కువ కాని శిక్ష. కూలి డబ్బుల కోసం మూట ఎత్తుకున్న కొండ కుర్రాడికి ఆ పదేళ్లలో ఏ పాట వినిపిస్తుందో రాళ్ల మీది గోష్ఠిలో చర్చకి రాలేదు. వ్యాఖ్యాత కూడా ఆ రోజు అడగలేదు. మోకాలు నొప్పి ఒక సాకు.

తాత్పర్యం

ఓ మిత్రమా, నేను ఇప్పటికే రెండుసార్లు విన్న ఆ వాయిద్యాన్ని మూడోసారి వినిపించుము, ఏలయనగా అది ఇంకను ప్రారంభము కాలేదని నాకు తోచుచున్నది, అని భావం.

ఫలశ్రుతి

ఈ మూలాన్ని ఆచరణలో పెట్టినవారికి ఆ మత్తుమందుల చట్టం 27వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలో, పదివేల దాకా జరిమానాయో, రెండూనో ప్రాప్తిస్తాయి. తనంతట తానే వచ్చి వైద్యం చేయించుకునే వ్యసనపరుడికి అదే చట్టం 64ఏలో దారి వదిలింది. ఆ పేజీ దాకా చదివేవాళ్లు తక్కువ.

ఆ రాత్రి ఇంటికొచ్చి అటక మీది పెట్టె దింపాను. ‘హౌ టు నేమ్ ఇట్’ క్యాసెట్టు దొరికింది. బూజు దులిపి, పెన్సిలు పెట్టి రీలు బిగించి, మొదటికంటా వెనక్కి తిప్పాను. మా ఆవిడ టీ తెచ్చి పక్కన కూర్చుంది. మీట నొక్కాను.

నొక్కగానే మొదలయింది.