ముందు పుట్టినా రెండోదే!

లెక్కల పీరియడ్‌లో 1902 ముందు, 1910 తర్వాత. గంట కొట్టి తెలుగు మాస్టారు వచ్చారా, వరస తిరగబడుతుంది. ‘తొలి తెలుగు కథ ఏది?’ అన్న బిట్టుకు గైడ్లన్నీ ఏళ్ల తరబడి ఒకటే జవాబు బట్టీ పట్టించాయి: 1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూ సుందరి’ పత్రికలో అచ్చయిందని గుర్తుచేస్తే, పండితుల జేబులోంచి ఒక విశేషణం బయటికొస్తుంది: తొలి ‘ఆధునిక’ కథ అట! అదీ చాలకపోతే ‘కళాత్మక’ అని ఇంకోటి తగిలిస్తారు. అచ్చమాంబ ఏమో 1905లోనే కన్నుమూసింది, వాదించడానికి రాదు.

గురజాడ గొప్పతనం మీద పేచీ ఎవరికీ లేదు. తమాషా ఏమిటంటే, రెండు కథల్లోనూ దారి తప్పిన మొగుణ్ణి దారికి తెచ్చేది పెళ్లామే. ‘దిద్దుబాటు’లో ఆవిడ సానివారి ఆటకు మరిగినవాణ్ణి, ‘ధనత్రయోదశి’లో ఆవిడ పరాయి సొమ్ముకు ఆశపడ్డవాణ్ణి. మొగుళ్లు మారారు. సిలబస్ కమిటీలకే ఇంకా పెళ్లి కాలేదేమో!

ఈలోగా ‘ధనత్రయోదశి’ అని రాసిన పిల్లకు మార్కు పోతే దిగులెందుకు? రీవాల్యుయేషన్ ఫీజు కట్టించుకునే కౌంటర్ ఠంచనుగా తెరిచే ఉంటుంది.