తాళంచెవి చేతికొచ్చాక

నా ఒంటి మీద ఒక మరక ఉంది. నిలబడ్డ మనిషికి ఛాతీ ఎత్తున ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు అక్కడిదాకా వచ్చి ఆగాయి. ఆ తర్వాత నాకు రంగు వేయడానికొచ్చిన కుర్రాడు దాన్ని కప్పెయ్యబోతే అవ్వ ఒప్పుకోలేదు. "అదట్టా ఉండనీ నాయనా. మోటారు ఎంత ఎత్తున పెట్టాలో అదే చెబుద్ది" అంది.

నేను బేళ్ళు కట్టే ప్రెస్సుని. విజయవాడ సింగ్‌నగర్‌లో ఒక రేకుల షెడ్డులో ఉంటాను. నన్ను నడిపేది అవ్వతో కలిపి ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు. తెల్లారకముందే గోనెసంచి భుజాన వేసుకుని వీధులన్నీ తిరిగి సీసాలు, అట్టలు, పాలకవర్లు ఏరుకొచ్చేవాళ్ళు.

కోయంబత్తూరులో పుట్టి, లారీలో ఇక్కడికొచ్చాను. వచ్చిన రోజు పూలదండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, ఫొటోలు దిగారు. ఆ సాయంత్రమే షెడ్డుకి తాళం పడింది. నాకు త్రీఫేజు కరెంటు కావాలి. షెడ్డుకి ఉన్నదేమో ఒక్క బల్బుకి సరిపోయే లైను. మీటరు ఎవరి పేరున పెట్టాలి, బిల్లు ఎవరు కట్టాలి, చెడిపోతే ఎవరు బాగుచేయించాలి అన్నది ఎవరూ తేల్చలేదు. రెండు వానాకాలాలు చీకట్లోనే ఉన్నాను. రేకుల సందులోంచి చూస్తే ఆ ఆడవాళ్ళే, నేను ఎవరికోసమైతే వచ్చానో వాళ్ళే, తమకన్నా పెద్ద మూటలు మోసుకుంటూ నా ముందు నుంచే పోయేవాళ్ళు. నేను లోపల తుప్పు పడుతున్నాను.

ఆ మూటల్లో ఎక్కువ భాగం గాలే. లీటరు నీళ్ళ సీసాలు నలభై యాభై పోగేస్తేగాని కిలో తూగదు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తున్న పెట్టె నిండా సీసాలు పోసినా ఇరవై ముప్పై కిలోలు పట్టడం కష్టం. అందుకే ఏ రోజు సరుకు ఆ రోజే అమ్మేయాలి. ఒక్క గది ఇల్లు, అందులో నలుగురు మనుషులు. మూటలు ఎక్కడ దాస్తారు? దాయలేని మనిషికి బేరమాడే వీలు ఎక్కడుంటుంది? చెప్పిన దరకి, చూపించిన తూకానికి తలూపి రావాల్సిందే.

అయినా పాతసామాన్ల కొట్టాయన్ని నేను చెడ్డవాడనను. అర్ధరాత్రి బిడ్డకి జ్వరమొస్తే ఐదొందలు చేతిలో పెట్టేది ఆయనే. ఆ అప్పు తీరేదాకా సరుకు ఆయనకే పోవాలి, అదీ తగ్గించిన దరకి. అప్పుకీ సరుకుకీ వేసిన ఆ ముడి విప్పడం నాలాంటి ఇనుపముద్ద ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. అది నాకు తర్వాత తెలిసింది.

తాళం తెరిపించింది ఒక కబురు. పుణెలో చెత్త ఏరే ఆడవాళ్ళు 1993లోనే 'కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్' అని సంఘం పెట్టుకున్నారనీ, 2008లో అందులోంచే 'స్వచ్' అనే సహకార సంస్థ పుట్టి కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకుని ఇంటింటికీ తిరిగి చెత్త తీసుకుంటోందనీ ఎవరో వచ్చి చెప్పారు. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాల్లో చెత్త ఏరేవాళ్ళ ప్రస్తావన ఉందనీ, వాళ్ళ సంఘాల్ని గుర్తించి పనిలో కలుపుకోవాలనీ, సరుకు వేరుచేసుకునేందుకు చోటు చూపాలనీ రాసుందనీ చదివి వినిపించారు. అవ్వకి చదువు రాదు. కానీ ఆ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు తిరిగారో నాకు తెలీదు. ఒకనాడు తలుపు కిర్రుమంది. అవ్వ కొంగున తాళంచెవి ముడేసి ఉంది. సంఘం పేరున మీటరు వచ్చింది.

మొదటి బేలు పాడైంది. మూతలు తీయకుండా సీసాలు పోశారు. మూత బిగించున్న సీసాలోంచి గాలి పోదు. నేను అణిచాను, పలక పైకి లేవగానే సీసాలు మళ్ళీ ఉబ్బి లేచాయి. తలుపు తీసేసరికి కట్టిన తీగ తెగి సరుకంతా షెడ్డు నిండా పరుచుకుంది. ఆ రోజు నుంచి మూతలు వేరే సంచిలోకి పోతున్నాయి. అసలు సీసా ప్లాస్టిక్కు వేరు, మూత ప్లాస్టిక్కు వేరు. నీళ్ళలో వేస్తే సీసా ముక్క మునుగుతుంది, మూత ముక్క తేలుతుంది. ఆ తేడా చెప్పడానికి వీళ్ళకి నీళ్ళు కూడా అక్కర్లేదు. కవరు వేళ్ళ మధ్య నలిపి, ఆ చప్పుడు విని ఏ రకమో చెబుతారు. ఏ బడిలోనూ నేర్పని ఆ చదువు ముందు నా బలమెంత? వాళ్ళు వేరుచేసి పెట్టింది అణచడమే నా పని.

ఒక విషయం చెప్పకుండా ఉండలేను. నా తలుపుకి ఒక స్విచ్చి ఉంది. తలుపు తీసుంటే పలక కిందికి దిగదు. పని త్వరగా అవుతుందని ఒకతను దాన్ని తీగతో కట్టేశాడు. ఆ మధ్యాహ్నం ఒక పిల్ల నలగని అట్టని సర్దడానికి లోపలికి చెయ్యి పెట్టింది. మీట మీద ఇంకొకామె చెయ్యుంది. "ఆగవే!" అన్న కేక వినపడింది కాబట్టి సరిపోయింది. లేకపోతే నేను ఆగలేకపోయేదాన్ని. ఆ సాయంత్రమే తీగ విప్పించారు. ఆ పిల్ల చెయ్యి ఇప్పుడు కాటా చీటీలు రాస్తోంది. చూసినప్పుడల్లా నా గుండె కుదుటపడుతుంది.

అసలు చిక్కు డబ్బు దగ్గర వచ్చింది. లారీకి సరిపడా బేళ్ళు కావాలంటే రోజులు పడుతుంది. అన్నాళ్ళూ పొయ్యి మీదకి ఏం ఎక్కుతుంది? మొదటి నెలలోనే ఏడుగురు మళ్ళీ కొట్టాయన దగ్గరికే పోయారు. వాళ్ళని తప్పుపట్టలేను. అప్పుడు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. కాటా వేయగానే సగం డబ్బు చేతికి, మిగతా సగం లారీ కదిలాక. ఆ మొదటి సగానికి వంతులేసుకుని ఒక ఉమ్మడి నిధి కూడబెట్టారు. బేలుకి పది రూపాయల చొప్పున నా మందులకని వేరే తీసిపెట్టారు. వెళ్ళిన ఏడుగురిలో ఐదుగురు తిరిగొచ్చారు.

ఆ మందుల డబ్బే నన్ను బతికించింది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరుకి గండ్లు పడి నీళ్ళు సింగ్‌నగర్ మీదికొచ్చాయి. వాళ్ళంతా పిల్లల్ని ఎత్తుకుని మేడల మీదికి పోయారు. నేను పోలేను కదా. బురదనీళ్ళలో రోజుల తరబడి నానాను. నీళ్ళు తీశాక జనం పరుపులు, బీరువాలు, పుస్తకాలు, టీవీలు తెచ్చి వీధుల్లో పడేశారు. ఊరికి వీళ్ళ అవసరం అంతగా ఎన్నడూ లేదు. తమ ఇళ్ళూ మునిగినా వీళ్ళు సంచులు పట్టుకుని వీధుల్లోకొచ్చారు. నేను మాత్రం మూగబోయి పడున్నాను.

మెకానిక్కు నా ఆయిలు తీసి చూస్తే మజ్జిగలా ఉంది. "పెద్దమ్మా, మోటారు వైండింగు పోయింది, సీళ్ళు మార్చాలి, ప్యానల్ మొత్తం కొత్తది. పాతినుముకి అమ్మేస్తే నయం" అన్నాడు. నేను భయపడ్డాను. ఇనుము ఏ దరకి పోతుందో వీళ్ళకన్నా బాగా తెలిసినవాళ్ళు ఎవరు?

అవ్వ కొంగుముడి విప్పింది. తాళంచెవి పక్కన పెట్టి, బ్యాంకు పుస్తకం తీసి చీటీలు రాసే పిల్ల చేతికిచ్చింది. "మందుల లెక్క ఎంతుందో చదువు" అంది. చాల్లేదు. మిగతాది తలా ఇంత వేసుకున్నారు. తిరిగిరాని ఇద్దరిలో ఒకామె వచ్చి రెండొందలు కాటా మీద పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

ఇప్పుడు నా మోటారు మరకకి మూరెడు పైన, ఇనుప బల్ల మీద ఉంది. ఇవాళ పొద్దున రెండు బేళ్ళు కట్టాం, రెండూ పాలకవర్లవే. మూడోది అట్టలది. అట్టలు రాత్రి వానకి తడిశాయి, ఆరేదాకా అణచొద్దని అవ్వ బయట ఎండలో పరిపించింది.