అనుభవం గల కొత్త డ్రైవరు కావలెను

విజయవాడ ఆటోనగర్‌లో ఏ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గుమ్మం చూసినా ఒకటే బోర్డు: హెవీ డ్రైవర్లు కావలెను. దాని కింద చిన్న అక్షరాల్లో, అనుభవం తప్పనిసరి. ఇంకా చిన్న అక్షరాల్లో, మందు అలవాటు ఉండరాదు. ఈ ఆఖరి షరతు దగ్గర ఓనర్లు కాస్త మెత్తబడుతున్నారని భోగట్టా. అనుభవం దగ్గర మాత్రం ససేమిరా అంటున్నారు.

లారీ నడిపితే అనుభవం వస్తుంది, అనుభవం ఉంటేనే లారీ ఇస్తారు. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదన్న సామెత బహుశా ఏ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు బెంచీ మీదో పుట్టి ఉంటుంది.

అలాగని ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. హెవీ లైసెన్సు కావాలంటే 20 ఏళ్లు నిండాలంది. ముందు కారు లైసెన్సు తీసుకుని ఏడాది ఆగమంది. ఆపైన డాక్టరు కాగితం, డ్రైవింగ్ స్కూలు వారి ఫారం 5 పట్టుకు రమ్మంది. ఇదివరకు ఎనిమిదో తరగతి కూడా అడిగేవారు, 2019లో తీసేశారు. ఏడులో బడి మానేసినవాళ్లకు ఎనిమిది పాసైనట్టు కాగితాలిచ్చే కుటీర పరిశ్రమ దాంతో దెబ్బతింది. దాని గురించి అసెంబ్లీలో ఒక్కరూ నోరెత్తలేదు.

2021లో గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకని కొత్త నిబంధనలొచ్చాయి. ఆరు వారాల్లో 38 గంటలు హెవీ కోర్సు, సిమ్యులేటరు, ట్రాకు. అక్కడ పాసైనవాడికి ఆర్టీవో ఆఫీసులో మళ్లీ టెస్టు ఉండదు. మన దగ్గర సిరిసిల్ల పక్కన మండేపల్లిలో డ్రైవర్లకోసమే పెద్ద సంస్థ కట్టారు. అలాంటిది జిల్లాకొకటి ఉంటే నాకీ వారం రాయడానికేమీ ఉండేది కాదు. లేవు గనక వీధి చివరి స్కూలే గతి.

ఆ స్కూలు సిలబస్సు చదివితే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. నిబంధనల్లో రాసినదే: ఇంజను మరమ్మతులు, అగ్ని ప్రమాదాలు, ప్రథమ చికిత్స, చివరికి పబ్లిక్ రిలేషన్స్ కూడా. అర్ధరాత్రి రోడ్డు మధ్య నిలబడి టార్చిలైటు ఊపే పెద్దమనుషులతో ఎలా మెలగాలన్నది ఈ ఆఖరి పాఠంలోనే చెబుతారనుకుంటా. సిలబస్సు ఇంత ఘనమా, చేతికొచ్చేది ఖాళీ మైదానంలో ఖాళీ లారీ. కుర్రాళ్లంతా వరసలో నిలబడాలి. వంతు వచ్చినవాడు ఫస్టు గేరు, సెకండు గేరు వేసేసరికి గోడ వస్తుంది. థర్డు గేరనేది ఒకటుందని వినికిడి. ఎవరెంతసేపు నడిపిందీ రాయడానికి ఫారం 15 అని ఒక రిజిస్టరు. మా పక్కింటి కుర్రాడు దీపావళి రాత్రి కూడా రెండు గంటలు బండి నడిపినట్టు అందులో ఉంది. ఆ సమయంలో అతగాడు మా మేడ మీద చిచ్చుబుడ్లు వెలిగిస్తున్నాడు. స్కూలు వారి శిక్షణ మనిషితో పనిలేకుండా సాగిపోతుందన్నమాట.

లైసెన్సు చేతికొచ్చాక ఆ కుర్రాణ్ణి నాకు తెలిసిన ఓనరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన లైసెన్సు వైపు చూడలేదు, కుర్రాడి అరచేతులు చూశాడు.

"ఎవరి దగ్గర క్లీనరుగా చేశావ్, అబ్బాయ్?"

"ఎవరి దగ్గరా చెయ్యలేదండీ. కోర్సు చేశాను."

"కోర్సా! లోడు బండి ఘాట్‌లో దింపావా?"

"లేదండీ."

"పట్టా కట్టడం వచ్చా? తాళ్లు బిగించడం?"

"నేర్పలేదండీ."

"మరేం వచ్చు?"

కుర్రాడు కాసేపు ఆలోచించి, "ప్రథమ చికిత్స" అన్నాడు.

ఓనరు నావైపు చూసిన చూపుకి నాకే ప్రథమ చికిత్స కావలసి వచ్చింది. పనివేళలు ఎనిమిది గంటలేనా అని కుర్రాడు మెల్లగా అడిగాడు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలో అలాగే ఉందని నేనూ వంత పాడాను. "ఎనిమిదా? ఏ పూటకి?" అన్నాడాయన.

ఆయన్ని తిట్టి లాభం లేదు. ఈ దేశంలో లారీ డ్రైవర్లను తయారుచేసిన అసలు బడి కేబిన్‌లోనే నడిచింది. పదహారేళ్ల పిల్లాడు క్లీనరుగా ఎక్కేవాడు. టైరు మీద రాడ్డుతో కొట్టి, చప్పుడునుబట్టి గాలి ఉందో లేదో చెప్పేవాడు. ఎత్తులో బండి ఆగితే చక్రం కింద చెక్క పెట్టేవాడు. రివర్సులో వెనక నిలబడి "రానీ రానీ" అని గొంతు చించుకునేవాడు. స్టవ్వు మీద అన్నం వండేవాడు, తిట్లు తినేవాడు. ఏ తెల్లవారుజామునో డ్రైవరుకి రెప్పలు వాలుతుంటే "ఒరేయ్, ఇలా వచ్చి పట్టుకో" అనేవాడు. అదే మొదటి పాఠం. లైసెన్సు లేదు, ఎల్ బోర్డు లేదు, వెనక పది టన్నుల సిమెంటు. చట్టం కళ్లబడితే గురుశిష్యులిద్దరికీ జైలే. అయినా ఇంజను మూలుగు వినే ఏ గేరు అడుగుతోందో పట్టేసేవాళ్లు వచ్చింది ఆ బడినుంచే. నేరం మీద ఆధారపడిన విద్య కాబట్టి దాన్ని పొగడలేం. పాసైనవాళ్లనే చూశాం, పరీక్షలో పోయినవాళ్లు లెక్క చెప్పడానికి లేరు.

ఆ బడినీ మూసేశారు. మూసింది ఆర్టీవో కాదు, ఓనర్లే. డీజిలు పెరిగింది, టోలు పెరిగింది, కిరాయి మాత్రం పెరగలేదు. ఏం కోయాలా అని వెతికితే క్లీనరు బత్తా కనబడింది. ఇప్పుడు చాలా బళ్లలో డ్రైవరు ఒక్కడే. అద్దం తుడవడం, రివర్సుకి చెయ్యి ఊపడం, పడుకున్నప్పుడు డీజిలు దొంగల్ని కాపు కాయడం అన్నీ అతనివే. కొత్తవాడు కూర్చోవలసిన సీట్లో మరచెంబు కూర్చుంది. అదయ్యాక, డ్రైవర్లు దొరకడం లేదని సంఘాల్లో తీర్మానాలు మొదలయ్యాయి.

దొరికేవాళ్లకూ లారీ అంటే భయమే. గుద్ది పారిపోతే పదేళ్ల దాకా జైలన్న కొత్త శిక్షాస్మృతి సెక్షను చూసి 2024 జనవరిలో డ్రైవర్లు సమ్మె చేస్తే హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు బళ్లు బారులు తీరాయి. లారీ డ్రైవరనేవాడు ఒకడున్నాడని ఆ ఒకటి రెండు రోజులూ మనకు గుర్తొచ్చింది. ఆ సెక్షను అమలు ఆపారు, మన ట్యాంకులు నిండాయి, మళ్లీ మరిచిపోయాం. 2025 నుంచి కొత్త లారీ కేబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు, అది మంచి పనే. పిల్లనిచ్చేవాళ్లు మాత్రం ఏసీ చూసి ఇవ్వరు.

మొన్న మామిడికాయల రోజుల్లో ఆ ఓనరే ఫోన్ చేశాడు. నూజివీడు నుంచి ఢిల్లీకి కాయలెత్తిన బండి ఆదిలాబాద్ దగ్గర డాబాలో ఆగిపోయిందట. డ్రైవరు తాళాలు డాబావాడి చేతిలో పెట్టి, ఫోను ఆపేసి చక్కా పోయాడట.

"ఆ అబ్బాయి ఖాళీగానే ఉన్నాడా?"

"ఉన్నాడు గానీ, అనుభవం లేదు కదండీ."

"కాయ మగ్గిపోతోందండీ! అనుభవం దారిలో వస్తుంది లెండి. రాత్రి బస్సెక్కించెయ్యండి."

"మరి తోడు క్లీనరు?"

"క్లీనరా?" అన్నాడాయన. "వాడి బత్తా మీరిస్తారా?"