గాలి లెక్కలు

కడప విమానాశ్రయం నుంచి కర్నూలు విమానాశ్రయానికి గగనమార్గాన సుమారు 150 కిలోమీటర్లు. ప్రయాణం ఎంతసేపని కంప్యూటరును అడగండి, 40 నిమిషాలని ఠక్కున చెబుతుంది. పటం మీద రెండు చుక్కలు పెట్టి, మధ్య గీత గీసి, ఆ కిలోమీటర్లను జెట్ వేగంతో భాగించి, లేవడానికీ దిగడానికీ కలిపి ఓ అరగంట దయచేస్తుంది. భాగహారంలో తప్పేం లేదు. విమానమే లేదు.

గాల్లోనే పోతానని పంతం పట్టినవారికి దారులు లేకపోలేదు. చెన్నై మీదుగా వెళ్లినా, విజయవాడ మీదుగా వెళ్లినా ఇంచుమించు 600 కిలోమీటర్లు ఎగరాలి. అదీ, ఆ రోజు ఆ విమానాలు రెండూ ఉండి, దిగినదానికీ ఎక్కాల్సినదానికీ ముహూర్తం కుదిరితే. సీమలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవడానికి తమిళనాడులో పడిగాపులు!

ఓర్వకల్లులోని ఈ కర్నూలు విమానాశ్రయాన్ని 2019 జనవరిలో ఒక ముఖ్యమంత్రి ప్రారంభించారు. 2021 మార్చి 25న ఇంకో ముఖ్యమంత్రి మళ్లీ ప్రారంభించారు. ప్రయాణికుల విమానాలు మొదలైంది మార్చి 28న. మొదటి రిబ్బను తెగిన నాటి నుంచి మొదటి టికెట్టు తెగిన నాటి దాకా రెండేళ్ల పైచిలుకు దూరం. దీన్ని కొలిచే కాలిక్యులేటరు ఇంకా రాలేదు. విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు, సంతోషం. ఆయన 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డప్పుడు కనెక్టింగ్ గుర్రం కోసం మద్రాసు వెళ్లలేదు.

హవాయి చెప్పులేసుకున్నవాడూ విమానం ఎక్కాలన్నారు ప్రధాని. 2017 ఏప్రిల్ 27న రాయితీ విమానాల పథకం ఉడాన్ మొదలైన రోజే సిమ్లా నుంచి కడప–హైదరాబాద్ విమానానికీ పచ్చజెండా ఊపారు. దాన్ని నడిపిన ట్రూజెట్ 2022లో రెక్కలు ముడుచుకుంది. చెప్పులు మాత్రం అరుగుతూనే ఉన్నాయి. ఉడాన్ మూడో విడత దాకా 774 మార్గాలు కేటాయిస్తే మొదలైనవి 371. మూడేళ్ల రాయితీ గడువును పూర్తిచేసినవి 112. రాయితీ ఆగాక కూడా ఎగురుతున్నవి, 2023 మార్చి నాటికి, 54. ప్రతిపక్షం వేసిన నింద కాదిది, కాగ్ తేల్చిన లెక్క. రాయితీ ఉన్నన్నాళ్లే రెక్కలుంటాయన్నమాట. అయినా కొత్త విమానాశ్రయం కావాలని అడగని ఎమ్మెల్యే లేడు, ఇస్తామని చెప్పని మంత్రి లేడు. శంకుస్థాపనకు రన్‌వే అక్కర్లేదు కదా!

కడప నుంచి కర్నూలుకు తొందరగా చేరాలనుకునేవారికి ఒక మనవి. ఆర్టీసీ బస్సెక్కండి. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా 200 కిలోమీటర్లు. నంద్యాల దాటాక ఓర్వకల్లు దగ్గర నిద్రపోకండి, అదే జాతీయ రహదారి పక్కన మీ విమానాశ్రయం ఉంటుంది. బస్సు అక్కడికి విమానం కంటే ముందే చేరుతుంది.