మూడు సూదుల పద్యం: టీకా తాత్పర్యసహితం

ఆ. మూడు సూదులున్న మూతిని చూచియే
మోజు పడకుమయ్య ముందుగాను
తీసివేయు విద్య తెలిసినదెవరికో
ఎదుటి యింటివాని నెరిగి కొనుము

అవతారిక: ఇంట్లో పాటలు వినే సరంజామా మీద మరో లక్ష పోయడానికి సిద్ధపడ్డ ఒక రసికుడు దుకాణంలో ప్రీయాంప్లిఫయర్‌ను వెనక్కి తిప్పి చూశాడు. "ఎక్స్‌ఎల్‌ఆర్ ఉందండీ, ఫుల్లీ బ్యాలెన్స్‌డ్ అండీ" అన్నాడు దుకాణదారు. రసికుడు కార్డు తీయబోతుండగా అతణ్ణి వారించడానికి పుట్టిన ఆటవెలది ఇది. కవి ఎవరని అడగవద్దు. గణాలకూ యతులకూ మాత్రం వ్యాఖ్యాతదే పూచీ.

ప్రతిపదార్థం: మూడు సూదులు + ఉన్న = మూడు పిన్నులు గలిగినట్టి; మూతిని = ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్‌ను; చూచియే = చూచినంత మాత్రాననే, అనగా లోపలి సర్క్యూట్ సంగతి అడగకుండానే; ముందుగాను = బిల్లు కాకమునుపే; మోజు పడకుము + అయ్య = ఓ అయ్యా, వలపు పెంచుకోకుము; తీసివేయు విద్య = ఒక తీగలోని వోల్టేజిలోంచి రెండో తీగలోనిదాన్ని తీసివేసే నేర్పు; తెలిసినది + ఎవరికో = ఎవరికి కలదో; ఎదుటి + ఇంటివానిని = తీగకు అవతలి కొసన ఉన్న పవర్ యాంప్లిఫయర్‌ను; ఎరిగి = విచారించి; కొనుము = ఆ పిమ్మట ప్రీయాంపు కొనుగోలు చేయుము.

తాత్పర్యం: బ్యాలెన్స్‌డ్ ప్రీయాంపు మంచిచెడ్డలు సగం దాని చేతిలో లేవు. రొదను తీసిపారేసేది అది కాదు, దాని సిగ్నల్ అందుకునే పవర్ యాంపు. కనుక బేరం ఈ పెట్టెతో మొదలుపెట్టకూడదు.

విశేషాలు: "సూదులున్న మూతి" అనడంలో కవి కంటి చురుకు చూడదగింది. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో సిగ్నల్ బయటికి పంపే సాకెట్‌కే పిన్నులుంటాయి, పుచ్చుకునేదానికి బెజ్జాలుంటాయి. మైకుసెట్టు కుర్రాళ్లకు ఇది ఒకరు చెప్పనక్కర్లేదు. కాబట్టి కవి ఆక్షేపణ ప్రీయాంపు అవుట్‌పుట్ గురించేనని నిర్ధారణ. ఏ సూది ధనమన్నదానిపై పూర్వం పాఠాంతరాలుండేవి. కొందరు తయారీదారులు మూడోది అన్నారు, కొందరు రెండోది అన్నారు. 1992లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ వారి ఏఈఎస్14 ప్రమాణం రెండోదానికే ఖాయం చేసింది. పాత సరుకు కొనేవారు ఒకసారి చూసుకోవాలి.

"తీసివేయు విద్య" పద్యానికి ప్రాణం. మొదటి పిన్ను తీగ చుట్టూ ఉండే తొడుగుది. రెండో పిన్నులో పాట యథాతథంగా పోతుంది, మూడోదానిలో తలకిందులుగా పోతుంది. దారిలో ఇన్వర్టరు, ఫ్యాను రెగ్యులేటరు, కరెంటు వైర్లు చల్లే రొద రెండు తీగల మీదా ఒకే తీరున పడుతుంది. అవతల తీసివేత జరుగుతుంది: 2 వోల్టుల్లోంచి మైనస్ 2 తీసివేస్తే 4, పాట రెట్టింపు. రొదలోంచి రొద తీసివేస్తే సున్న. ఈ తీసివేత ఎంత కచ్చితమో చెప్పే అంకె సీఎంఆర్ఆర్. అది 60 డెసిబెల్స్ అయితే రొద వెయ్యో వంతుకు తగ్గినట్టు. ఈ అంకె ప్రీయాంపు కరపత్రంలో కాదు, పవర్ యాంపు కరపత్రంలో వెతకాలి. రెండు తీగల మీదా రొద ఒకే తీరున పడేలా వాటిని పెనవేసే ఉపాయానికి 1881లోనే అలెగ్జాండర్ గ్రాహంబెల్ పేటెంటు తీసుకున్నాడు. అది టెలిఫోను కోసం, సంగీతం కోసం కాదు.

ఇక్కడ పూర్వపక్షం. "రెండు తీగల్లోనూ పాట ఎదురెదురుగా నడిస్తేనే బ్యాలెన్స్‌డ్, తక్కినది మోసం" అంటారు దుకాణాల ముందు కూర్చునే పండితులు. జెన్సెన్ ట్రాన్స్‌ఫార్మర్స్‌కు చెందిన బిల్ విట్లాక్ ఈ వాదాన్ని ఏళ్లతరబడి ఖండించాడు. రొద పోవడానికి కావలసింది రెండు తీగలకూ ఎర్త్‌తో సమానమైన ఇంపీడెన్సు. పాట సమంగా ఉందా లేదా అన్నది రొదకు పట్టదు. కాబట్టి మూడో పిన్నులో పాట లేకపోయినా, దాన్ని సరిపడే రెసిస్టరు ద్వారా ఎర్త్‌కు దించితే అది బ్యాలెన్స్‌డే. రెసిస్టరు లేకుండా నేరుగా దించేస్తే మాత్రం సమత్వం పోయింది, మూతి ఒక్కటే మిగిలింది. కవి తిట్టింది ఈ రెండోరకాన్నే. ఈ విషయంలో వ్యాఖ్యాత విట్లాక్ పక్షం.

మొదటి పిన్ను ఒకటి మిగిలింది. తొడుగును పెట్టె గుమ్మంలోనే లోహపు డబ్బాకు కలపాలి. అలా కాక లోపలి సర్క్యూట్ ఎర్త్‌దాకా లాక్కుపోతే, తొడుగు మోసుకొచ్చిన హమ్ పాటలోకి దిగుతుంది. నీల్ మన్సీ 1995లో దీనిపై వ్యాసం రాశాడు. "పిన్ 1 ప్రాబ్లం" అన్న పేరు స్థిరపడింది. 2005లో ఏఈఎస్48 ప్రమాణం వచ్చింది. ఇంత జరిగినా ఖరీదైన పెట్టెల్లో కూడా ఈ దోషం కనబడుతూనే ఉంటుంది.

కవి చెప్పక విడిచినది గెయిన్. సాధారణ సీడీ ప్లేయరు, డ్యాక్ ఆర్‌సీఏలో (బ్యాలెన్స్‌డ్ కాని మామూలు సాకెట్‌లో) 2 వోల్టులు ఇస్తాయి, ఎక్స్‌ఎల్‌ఆర్‌లో 4. పవర్ యాంపు 26 డెసిబెల్స్, అంటే 20 రెట్లు పెంచుతుందనుకోండి. 2 వోల్టులకే 40 వోల్టులు, 8 ఓముల స్పీకరుకు 200 వాట్లు. ఇల్లు అదిరిపోవడానికి ఇది చాలు. మధ్యలో ప్రీయాంపు మరో పది రెట్లు పెంచితే ఏమవుతుంది? వాల్యూం బుడిపె గడియారంలో ఎనిమిది దాటకముందే గోల. ఆ అడుగుభాగంలో మామూలు పొటెన్షియోమీటరు ఎడమనూ కుడినీ సమంగా నడపలేదు. మోనోలో రికార్డయిన ఘంటసాల పాట పెట్టండి, గొంతు నడిమధ్య నిలవకుండా ఒక స్పీకరువైపు జరుగుతుంది. స్టీరియో బ్యాలెన్స్‌డ్‌లో ఒకేసారి నాలుగు దారుల్ని తగ్గించాలి కనుక తంటా ఇంకా ఎక్కువ. రిలేలతో మెట్లు మెట్లుగా తగ్గించే ఏర్పాటు ఉన్నది మేలు. తిప్పినప్పుడు టకటకమంటుంది, అది దోషం కాదు.

"ఎరిగి కొనుము" అన్నచోట శ్లేష: తెలుసుకో అనీ, తెలుసుకున్నాక కొను అనీ. ఎదుటి ఇల్లు అనడం రూపకం.

ఫలశ్రుతి: అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చి, తీగ మీటరు దాటకుండా, స్పీకర్లలో హమ్ లేకుండా వింటున్నవారికి ఈ పద్యంతో పని లేదు, మంచి ఆర్‌సీఏ ప్రీయాంపు చాలు. పవర్ యాంపు అవతలి గోడ దగ్గర వేరే ప్లగ్గులో ఉండి, కేబుల్ టీవీ డబ్బా కూడా తగిలించాక 50 హెర్ట్జ్ ముక్కురాగం మొదలైనవారు బ్యాలెన్స్‌డ్‌కు వెళ్లండి. కానీ దుకాణానికి పోయేటప్పుడు మీ పవర్ యాంపును కూడా ఆటోలో పెట్టుకుని తీసుకెళ్లి, రెంటినీ కలిపి వినిపించమనండి. ఒప్పుకోని దుకాణంలో కొనకండి.