గూడబాతుల ప్రత్యేక దర్శనం

(రంగస్థలం: దొరవారిసత్రం మండలం, నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రం. జనవరి. తిరుమల, శ్రీకాళహస్తి చూసుకుని, ప్యాకేజీలో మిగిలిన ఒక పూటను పిట్టలకు కేటాయించిన టెంపో వచ్చి ఆగింది. పిట్టల్ని చూడాలంటే తెల్లారేసరికి చేరాలని ఎవరో చెప్పారు. దారిలో ఫలానా చోట ఇడ్లీ బాగుంటుందని ఇంకెవరో చెప్పారు. ఇప్పుడు టైము పదకొండున్నర. దిగినవాళ్లు: పిన్నిగారు, మాస్టారు, లెన్సు, రీలు, వెంచర్. వీళ్లకు అసలు పేర్లు వేరే ఉన్నాయి. కానీ ప్రతి టెంపోలోనూ మారేది పేర్లే, మనుషులు కాదు. గేటు దగ్గర వాచర్ నిలబడి ఉన్నాడు.)

పిన్నిగారు: బాబూ, ఇక్కడ స్పెషల్ దర్శనం టిక్కెట్టు ఉందా? మోకాళ్ల నొప్పులతో వచ్చాం.

వాచర్: అందరికీ ఒకటే దారమ్మా. చెరువుకట్ట మీద నడిచిపోతే టవరుంది. ఎక్కి చూడొచ్చు.

పిన్నిగారు: నడవాలా! పిట్టలు ఇటు రావూ?

వాచర్: వాటికి ఈడ పనేముంటదమ్మా.

వెంచర్: తమ్ముడూ, మొత్తం ఎంత ఉంటుంది?

వాచర్: 458.92 హెక్టార్లు సార్.

వెంచర్: హెక్టార్లు ఎవడికర్థమవుతాయి? (ఫోన్లో గుణించి) 1,134 ఎకరాలు! గజాల్లో ఇంచుమించు 55 లక్షలు. హైవే పక్కనే, చెన్నై రెండు గంటలు. అంతా పిట్టలకేనా?

వాచర్: 1976 నుంచి వాటికేనండీ.

వెంచర్: పొజిషన్‌లో ఎవరున్నారు?

వాచర్: అవే సార్. ఏటా అక్టోబరుకు వచ్చి తీసుకుంటాయి.

మాస్టారు: (గొంతు సవరించుకుని) అమ్మా, ఇక్కడ తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. ఈ గూడబాతులు సైబీరియా నుంచి వేల మైళ్లు ఎగిరి వస్తాయి. అక్కడి మంచుకు తట్టుకోలేక...

వాచర్: గూడబాతులు మనవే సార్. మన దేశం, శ్రీలంక, ఈ చుట్టుపక్కలే తిరుగుతుంటాయి. ఈడ గూడు కట్టి, ఈడ గుడ్డు పెట్టి, ఈడ పిల్లలకు రెక్కలొచ్చినాక పోతాయి.

మాస్టారు: ఏటా పేపర్లో వేస్తారయ్యా, సైబీరియా అని!

వాచర్: బయటి నుంచి వచ్చేవీ ఉండాయి, కాదన్ను. ఇవి మాత్రం కాదు సార్. ఈడ పుట్టినోళ్లను ఫారినోళ్లంటే ఎట్టా?

పిన్నిగారు: మా పెద్దాడి సంగతీ అంతేనయ్యా. ఇక్కడే పుట్టాడు. సంక్రాంతికి వస్తే వీధంతా అమెరికా అబ్బాయి వచ్చాడంటుంది.

(కట్ట మీద నడక. అర కిలోమీటరు లేదు గాని, మాస్టారు చేతి గడియారంలో ఈ రోజు అడుగుల కోటా పూర్తవ్వలేదు కాబట్టి ఆయన చేతిని మాత్రం విడిగా, మరింత జోరుగా ఊపుతూ నడిచారు. చెరువులో కడప చెట్లు, వాటి నిండా గూళ్లు. కొమ్మలన్నీ తెల్లగా ఉన్నాయి.)

పిన్నిగారు: చక్కగా ఉంచారు. చెట్లకు సున్నం కూడా వేయించారే!

వాచర్: రెట్టమ్మా.

పిన్నిగారు: (కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని) ఛీ!

వాచర్: అట్టంటే ఎట్టమ్మా? ఆ రెట్ట కలిసిన నీళ్లే కింద పొలాలకు పారేది. రైతులకు ఎరువు ఖర్చు కలిసొస్తది.

పిన్నిగారు: ఈ కింద పండేది ఏమిటి?

వాచర్: వరేనమ్మా.

పిన్నిగారు: అయ్యో రాత! దారిలో రెండు బస్తాలు కొన్నామే!

(టవరెక్కారు. లెన్సు తన సంచి విప్పాడు. అందులోంచి తీసినది కెమెరానా, పొలానికి నీరు తోడే గొట్టమా అన్నది కాసేపు తేలలేదు.)

రీలు: బ్రో, ఏం కనిపిస్తున్నాయి?

లెన్సు: గూడబాతు, నా లిస్టులో ఉంది. నీటికాకి, ఉంది. నత్తగొట్టు కొంగ, ఉంది. తెల్ల కొంగ, అది లెక్కలోకే రాదు.

రీలు: అన్నీ ఉంటే ఎందుకొచ్చావు బ్రో?

లెన్సు: లేనిదేదైనా ఉందేమోనని.

పిన్నిగారు: ఏదీ, ఆ గొట్టంలోంచి నన్నొకసారి చూడనీ నాయనా. అయ్యో! ఆ కొంగకు ముక్కు మూసుకోవడం లేదు. మధ్యలో సందు. పుట్టుకతోనే అలాగా పాపం?

మాస్టారు: కాల్షియం లోపం.

వాచర్: నత్తగొట్టు కొంగమ్మా అది. పిల్లప్పుడు ముక్కు మామూలుగానే ఉంటది. ఎదిగేకొద్దీ ఆ సందు వస్తది. నత్తల్ని పట్టేదానికి.

మాస్టారు: అంటే, పెద్దయ్యాక వచ్చే కాల్షియం లోపం.

(వాచర్ ఊరుకున్నాడు. జ్ఞానులతో వాదించకూడదని ఆయనకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు. ఉద్యోగమే నేర్పింది.)

రీలు: అన్నా, అన్నీ ఇలా కూర్చునే ఉన్నాయేంటి? ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొడితే లేస్తాయిగా? మ్యూజిక్ రెడీగా పెట్టుకున్నా. పదిహేను సెకన్లు చాలు.

వాచర్: కొట్టొద్దు బాబూ. గూళ్లల్లో గుడ్లుండాయి, కళ్లు తెరవని పిల్లలుండాయి. పెద్దవి లేచినాయంటే కాకులు, గద్దలు కాచుకోనుండాయి.

లెన్సు: సిగ్గుండాలి బ్రో! ప్రకృతిని ప్రేమించేవాళ్లు చేసే పనేనా అది? (కాసేపాగి, గొంతు తగ్గించి) ఒకవేళ కొడితే, ముందు చెప్పు. ఎండ ఎటు పడుతుందో చూసుకుంటా.

మాస్టారు: అయినా, ఆ పక్కనే శ్రీహరికోట. అంతంత రాకెట్లు లేస్తుంటే బెదరని పిట్టలు మన చప్పట్లకు బెదురుతాయా?

వాచర్: రాకెట్ పైకి పోతది సార్. మీరు గూటి కిందికొస్తారు.

పిన్నిగారు: అదుగో, ఒకటి వచ్చింది! పిల్ల దాని నోట్లోకి తల పెట్టేసిందేమిటి? మింగేస్తుందా ఏం?

వాచర్: తినిపిస్తా ఉందమ్మా. గొంతు కింద సంచిలోంచి. పులికాట్ సరస్సు దాకా పోయి చేపలు పట్టుకొస్తాయి.

పిన్నిగారు: ఇంటి కింద ఇంత చెరువు పెట్టుకుని అంత దూరమా?

వాచర్: ఇన్ని సంసారాలకు ఈ చెరువేం సరిపోతదమ్మా? పెంటి ఒకపక్క, పోతు ఒకపక్క, ఇద్దరూ తిరగాల్సిందే.

వెంచర్: అర్థమైంది. ఇది రెసిడెన్షియల్, పులికాట్ కమర్షియల్.

(ఈ చెరువు, ఆ సరస్సుల గురించి ఇంతకన్నా క్లుప్తంగా ఇంకెవరూ చెప్పలేదని ఒప్పుకోవాలి.)

రీలు: అన్నా, గులాబీ రంగువి ఏవి? ప్యాకేజీ బొమ్మ మీద అవే ఉన్నాయి.

వాచర్: ఫ్లెమింగోలా? అవి ఈడుండవు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పొయ్యే రోడ్డు పులికాట్ మధ్యలోంచి పోతది, ఆడ కనిపిస్తాయి. అవి ఈ పక్క గూళ్లు పెట్టవు. గుడ్లకు గుజరాత్ కచ్ రణ్ దాకా పోతాయి. ఈడికి తిండికోసరం వస్తాయి.

పిన్నిగారు: ఏం తింటే ఆ రంగు వస్తుంది?

వాచర్: ముక్కు తలకిందులుగా నీళ్లల్లో పెట్టి, బురదను వడగట్టి తింటాయమ్మా. నాచు, రొయ్యల్లాంటి చిన్న పురుగులు. రంగంతా ఆ తిండిదే. పిల్లలు బూడిద రంగులో ఉంటాయి.

పిన్నిగారు: నాచు శాకాహారమేగా! మా కోడలికి చెబుతా.

మాస్టారు: వాటి పేరుతో పండుగ కూడా చేస్తారట?

వాచర్: ఫ్లెమింగో ఫెస్టివల్ సార్. 2001లో మొదలైంది. సూళ్లూరుపేటలో స్టేజీ కడతారు, పాటలు, డాన్సులు ఉంటాయి.

రీలు: ఫ్లెమింగోలు వస్తాయా?

వాచర్: వాటికి పాసుల్లేవు బాబూ.

వెంచర్: నేనొకటి చెప్పనా? మీ డిపార్టుమెంటుకు విజన్ లేదు. ఆ పులికాట్‌ను ఓ ఇరవై అడుగుల లోతు తవ్వాలి. స్పీడ్ బోట్లు దింపాలి. ఒడ్డున బర్డ్ వ్యూ విల్లాలు. పొద్దున లేచి బాల్కనీ తలుపు తీస్తే ఫ్లెమింగో!

వాచర్: లోతు తవ్వితే అవి నిలబడలేవు సార్. మోకాలి లోతు నీళ్లుంటేనే కాళ్లకు నేల, ముక్కుకు బురద అందేది.

వెంచర్: పోనీ, ఫైబర్‌వి పెడదాం. ఎండాకాలం కూడా వెళ్లిపోవు.

పిన్నిగారు: ఇన్నాళ్లుగా ఇక్కడే ఉన్నావు కదయ్యా. రోజూ ఇవే పిట్టలు చూసి చూసి విసుగు రాదూ?

వాచర్: పిట్టల్ని చూసేదానికి తీరికెక్కడిదమ్మా? నాకు జీతమిచ్చేది మిమ్మల్ని చూసేదానికి.

(ఈ లోగా రీలు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేయబోయాడు. వాచర్ చెయ్యి పట్టుకున్నాడు. లెన్సు అప్పటికే ఎండ చూసుకుని, మోకాలు నేలకు ఆనించి, ఎటు లేస్తాయో అటు గురిపెట్టి కూర్చుని ఉన్నాడు. ఈల ఆగిపోయినందుకు అందరికన్నా ఎక్కువ నొచ్చుకున్నది అతనే. ‘పిల్లవాణ్ణి అంత గట్టిగా పట్టుకోవాలా?’ అని వాచర్‌ను మందలించాడు కూడా. తరువాత పులిహోర పొట్లాలు విప్పారు. వాచర్‌కూ పెట్టారు. ఖాళీ ఆకులు ఎక్కడ వేయాలో ఆయన చూపించాడు. దాదాపు అక్కడే వేశారు.)

వాచర్: సార్, పోయే ముందర ఈ పుస్తకంలో మీ అభిప్రాయం రాయండి. ఆఫీసర్లు చూస్తారు.

(అందరూ రాశారు. రాసేటప్పుడు తెలుగువాడికి పూనే గాంభీర్యంతో, కలం విదిలించి మరీ రాశారు.)

పిన్నిగారు: పక్షులు చాలా దూరంగా ఉన్నాయి. పెద్దవాళ్లకోసం కొన్నింటిని గేటు దగ్గర ఉంచగలరు.

మాస్టారు: సిబ్బందికి పక్షుల స్వదేశం గురించి సరైన అవగాహన లేదు. సైబీరియా అని పెద్ద బోర్డు పెట్టవలెను.

రీలు: సిగ్నల్ ఒక గీతే వస్తోంది. పిట్టల్లో కదలిక లేదు.

లెన్సు: చెట్లు అడ్డం.

(వెంచర్ అభిప్రాయమేమీ రాయలేదు. ఆ గడిలో తన ఫోను నంబరు వేసి, కింద ఇలా రాశాడు: ‘ఓనర్ నేరుగా మాట్లాడగలరు. మధ్యవర్తులు వద్దు.’)